ఇంట్లో పొట్ట డయాలసిస్: మా పల్లెలో కుదురుద్దా?

ఉదయగిరి అబ్బాయి:
నాయనకి కిడ్నీలు రెండూ పనిచేయడం లేదు. వారానికి 3 సార్లు డయాలసిస్‌కి నెల్లూరు తీసకపోతా ఉండాం, పోనే వంద కిలోమీటర్ల దాకా. వచ్చిన రోజు మనిషి మంచం దిగడు. ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించి దించే సీఏపీడీ చేసుకోవచ్చని డాక్టరుగారన్నారు. మాది పెంకుటిల్లు, పక్కనే బర్రెల కొట్టం, కరెంటుకి నమ్మకం లేదు. కుదురుద్దా?

కావలి కోడలు:
కుదురుద్ది అబ్బయ్యా. మా అత్తకి నేనే చేస్తా ఉండా. చేత్తో చేసేదానికి కరెంటుతో పనే లేదు. సంచి పైన తగిలిస్తే పొట్టకి వేసిన ట్యూబులోంచి ద్రవం లోపలికి దిగుద్ది, ఖాళీ సంచి కింద పెడితే పాతది బయటికొచ్చేస్తది. మామూలుగా 2 లీటర్లవి, రోజుకి 4. ఒక్కోదానికి అరగంట పైనే పడుద్ది. తర్వాత ద్రవం లోపల దాని పని అది చేసుకుంటా ఉంటే మనిషి తిరగొచ్చు.

కొట్టం దగ్గరే నాకు భయం. ఒక గది దీనికే వదిలెయ్యండి. ట్యూబు కలిపేటప్పుడు, విప్పేటప్పుడు తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకోవాల. చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వాల. మే నెల ఎండల్లో ఎట్టుంటదో నీకు చెప్పక్కర్లేదు! మా అత్తయితే మడి కన్నా ఇదే కష్టమంటది.

బయటికొచ్చిన ద్రవం లేత పసుపుగా, తేటగా ఉండాల. మసగ్గా ఉంటే నొప్పి వచ్చేదాకా చూడొద్దు, ఆ సంచి పట్టుకోని ఆస్పత్రికి పోండి. ఇన్ఫెక్షను ముదిరితే ప్రాణం మీదికొస్తది.

చేసేదెవురో ముందు తేల్చుకో. ‘అమ్మ చూసుకుంటాదిలే’ అంటే కుదరదు, ఇద్దరు నేర్చుకోండి.

ఒంగోలు నర్సు:
షుగరుందా? ఆ ద్రవంలో గ్లూకోజు ఉంటుంది, అది కొంత రక్తంలో కలుస్తుంది. డాక్టరుగారు మందుల డోసు మార్చాల్సి రావచ్చు. ద్రవంతో పాటు ప్రోటీను పోతుంది కాబట్టి గుడ్డు తెల్లసొన, చేపలు ఎంత పెట్టాలో అడగండి. మలబద్ధకం ఉంటే ద్రవం సరిగా బయటికి రాదు. ట్యూబు వేశాక మామూలుగా 2 వారాలు ఆగి మొదలుపెడతారు. చెరువు స్నానాలు మానాలి.

ఉదయగిరి అబ్బాయి:
షుగరుంది మేడమ్, అడుగుతాను. అక్కా, సంచులు ఎక్కడ పెట్టుకోవాల?

కావలి కోడలు:
రోజుకి 4 అంటే నెలకి 120, అంటే 240 లీటర్లు. రేకుల కింద, ఎండ తగిలేచోట వద్దు. వడ్ల బస్తాల గదైతే ముందు ఎలకల సంగతి చూడండి. ఇంకోటి, సంచుల ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవలో ఎంతవరకు వస్తదో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని అడుగు. అది తేలకుండా ట్యూబు వేయించొద్దు.