కోడికి ఒకే వీ జన్యుఖండం ఉంటే ఇన్ని ప్రతిరక్షకాలు ఎలా వస్తాయి?

ప్రశ్న:
మనిషిలో పదుల కొద్దీ వీ జన్యుఖండాలు (ప్రతిరక్షక జన్యువు తయారయ్యే ముక్కలు) జే వంటి ఇతర ఖండాలతో రకరకాలుగా కలవడం వల్ల ప్రతిరక్షకాలకు (రోగకారకాలను గుర్తించి పట్టుకునే ప్రోటీన్లకు) వైవిధ్యం వస్తుందని చదివాను. కోడి ప్రతిరక్షకంలోని తేలిక గొలుసు (రెండు రకాల ప్రోటీను గొలుసులలో చిన్నది) జన్యువులో మాత్రం పనిచేసే వీ ఖండం ఒక్కటే, జే ఖండం ఒక్కటే అంటున్నారు. మరి వైవిధ్యం ఎక్కడిది?

మొదటి జవాబు:
ఆ ఒక్క వీ ఖండానికి ఎగువన దాదాపు 25 మిథ్యాజన్యువులు (జన్యువును పోలినా స్వయంగా పనిచేయని డీఎన్‌ఏ భాగాలు) ఉన్నాయి. వాటికి సొంత ప్రమోటరు (జన్యువును చదవడం మొదలయ్యే డీఎన్‌ఏ భాగం) లేనందువల్ల అవి స్వయంగా వ్యక్తం కాలేవు, అంటే ప్రోటీనును తయారు చేయించలేవు. కానీ పిల్ల ఇంకా గుడ్డులో ఉండగానే, బర్సా అనే అవయవంలో విభజన చెందే బీ కణాలు (ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలు) ఆ మిథ్యాజన్యువుల నుంచి చిన్న చిన్న ముక్కలను నకలు చేసుకొని పనిచేసే జన్యువులో అతికించుకుంటాయి. దీనిని జన్యు పరివర్తనం అంటారు. ఇచ్చే జన్యువు మారదు, పుచ్చుకునేదే మారుతుంది. బీ కణాలకు ఆ పేరులోని 'బీ' కూడా బర్సా నుంచే వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇందులో జన్యు వ్యక్తీకరణ నియంత్రణ పాత్ర ఏమిటి?

రెండవ జవాబు:
చాలా ఉంది. ఈ మార్పును ప్రారంభించే ఏఐడీ అనే ఎంజైము అనులేఖనం (ఆర్‌ఎన్‌ఏగా నకలు కావడం) జరుగుతున్న డీఎన్‌ఏ మీదనే పనిచేస్తుంది కాబట్టి, జన్యువు వ్యక్తం కావడమూ మారడమూ ముడిపడి ఉన్నాయి. ప్రయోగశాలలో పెంచే డీటీ40 అనే కోడి బీ కణాలలో మిథ్యాజన్యువులను తొలగించినప్పుడు, పరివర్తనానికి బదులు బిందు ఉత్పరివర్తనాలు (డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం మారడం) పెరిగాయి.

మూడవ జవాబు:
వ్యక్తీకరణ నియంత్రణకు ఉదాహరణగా బాతును కూడా గమనించండి. ఐజీవై అనే దాని ప్రతిరక్షకంలోని భార గొలుసు (పెద్ద గొలుసు) జన్యువు ఒక్కటే అయినా, ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ ముగుస్తుందన్న దానిని బట్టి పూర్తి రూపమో, చివరి రెండు స్థిర భాగాలు (ప్రతిరక్షకాన్ని బట్టి మారని భాగాలు) లేని పొట్టి రూపమో తయారవుతుంది.