ఒల్లాంటాయ్‌టాంబోలో రెండు రాత్రులు ఉండొచ్చా?

ప్రశ్న: అమ్మానాన్నలతో పెరూ వెళ్తున్నాం. అందరూ కుస్కోలో ఉండి మాచుపిచ్చు చూసి వచ్చేస్తున్నారు, మాకేమో దారిలో ఉన్న ఈ చిన్న ఊళ్లో రెండు రాత్రులు ఉండాలని ఉంది. నాన్నకు ఎత్తు పడుతుందో లేదోనని టెన్షన్.

జవాబు: తప్పకుండా ఉండండి. కుస్కో దాదాపు 3,400 మీటర్లు, ఇది 2,800 మీటర్లే, కాబట్టి విమానం దిగి నేరుగా అక్కడికే వెళ్లిపోతే పెద్దవాళ్లకు కాస్త తేలిగ్గా ఉంటుంది, మాచుపిచ్చు రైలు కూడా అక్కడ దొరుకుతుంది. మొదటి రోజు మెట్ల జోలికి పోవద్దు. బయల్దేరేముందు డాక్టర్‌ని అడగండి.

జవాబు: పొద్దున్నే టూరిస్టు బస్సులు రాకముందే వీధుల్లో తిరగండి. స్పానిష్ వాళ్లు రాకముందు ఇక్కడ ఏలిన ఇంకాల నాటి సన్నటి రాతి సందులు, పక్కనే కాలువలో గలగలా నీళ్లు, ఆ పాత గోడల మధ్యే ఇప్పటికీ జనం కాపురాలు. పైన కొండ మీది సూర్యాలయం దగ్గర ఆరు పెద్ద గులాబీరంగు రాళ్లు నిలబెట్టి ఉంటాయి, వాటిని నది అవతలి కొండ నుంచి తెచ్చారని తెలిసి నాకు నోట మాట రాలేదు. 1537లో ఇంకాల రాజు మాంకో స్పానిష్ సైన్యాన్ని వెనక్కి కొట్టింది ఇక్కడే.

జవాబు: నాన్నగారు ఎక్కలేకపోయినా పర్లేదండీ, కింద ఊళ్లో కూర్చుంటే పింకుయ్యునా కొండకు అతుక్కున్న ఇంకాల నాటి ధాన్యం గిడ్డంగులు కనిపిస్తాయి.