అంగిలి చీలిక ఉన్న మాండరిన్ పిల్లల ఉచ్చారణ: త, థ తేడాను ఎలా కొలవాలి?

ప్రశ్న: అంగిలి చీలికకు శస్త్రచికిత్స జరిగిన మాండరిన్ పిల్లల రికార్డింగులను ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్ అయిన ప్రాట్‌లో పరిశీలిస్తున్నాను. 'తా', 'థా' రెండూ నా చెవికి ఒకేలా వినిపిస్తున్నాయి. ఏ కొలతను నమ్మాలి?

జవాబు 1: మాండరిన్ స్పర్శాలలో (గాలిని ఆపి వదిలే త, ప, క వంటి హల్లుల్లో) నాదభేదం (త-ద లాంటి తేడా) లేదు, మాండరిన్ రోమన్ లిపి అయిన పిన్యిన్‌లో 'డి' (d) అని రాసేది మన 'త'కు దగ్గరి శ్వాసధ్వనే (స్వరతంత్రులు కంపించని ధ్వని) కాబట్టి, అర్థభేదమంతా మహాప్రాణం ('థ'లోని ఊపిరి విసురు) మీదే నిలుస్తుంది. అంగిలి సరిగా మూసుకోక గాలి ముక్కులోకి జారితే నోటిలో ఒత్తిడి నిలవదు, మహాప్రాణం బలహీనపడుతుంది. అందుకని ముందుగా స్పర్శం విడుదలకూ స్వరతంత్రుల కంపనం మొదలవడానికీ మధ్య వ్యవధిని కొలవండి. అయితే ధ్వని పౌనఃపున్యాలను బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో విడుదల గీత అసలు కనిపించకపోతే, పిల్లవాడు నాలుకకు బదులు గొంతులోనే గాలిని ఆపుతున్నాడేమో చూడండి. అప్పుడు పక్క అచ్చులో 'త'కు ఉండాల్సిన ఫార్మెంట్ల (నోటి ఆకారాన్ని బట్టి బలపడే పౌనఃపున్యాల) వంపు కూడా కనిపించదు. ఆ ధ్వనికి వ్యవధి లెక్కగట్టి సగటులో కలపడం నా దృష్టిలో తప్పే.

జవాబు 2: పై మాటతో ఏకీభవిస్తాను. రికార్డింగు 8,000 హెర్ట్జ్ నమూనా రేటుతో చేసినదైతే 4,000 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు, 'స' ధ్వని బలం ఎక్కువగా అక్కడే ఉంటుంది కాబట్టి దాని విశ్లేషణ వృథా.

ప్రశ్న అడిగినవారు: మాండరిన్ పదాల అర్థాన్ని మార్చే స్వరస్థాయిల (టోన్ల) సంగతి?

జవాబు 1: అవి స్వరపేటికలో పుడతాయి కాబట్టి అంగిలి లోపం వాటిని నేరుగా చెరపదండి.