మలక్కాకు రైలు దొరకడం లేదు, తెలిసినవారు దారి చెప్పండి

ప్రశ్న (నల్గొండ):
నిన్న రాత్రి తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా మలేసియా రైల్వే వెబ్‌సైటు ముందే కూర్చున్నాను. మలక్కా అని వెదికినా, మెలాకా అని వెదికినా ఆ పేరుతో స్టేషనే కనిపించడం లేదు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన పాత రేవు పట్టణానికి స్టేషన్ లేకపోవడమేమిటి? విమానం టికెట్లు కొనేశాను.

జవాబు (కోదాడ):
సూర్యాపేటకు రైలు వెదికినట్లుంది మీ పని. బస్సెక్కండి.

జవాబు (మిర్యాలగూడ):
ఒకప్పుడు టాంపిన్ నుంచి ఆ ఊరికి రైలు మార్గముండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం ఆ పట్టాలను పీకి సయాం (నేటి థాయ్‌లాండ్)-బర్మా రైలు మార్గానికి తరలించింది. ఇప్పుడు దగ్గరి స్టేషనైన పులావ్ సెబాంగ్‌లో దిగినా, ఇంకా ముప్పై కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం తప్పదు. కౌలాలంపూర్‌లోని టీబీఎస్ బస్టాండు నుంచి మలక్కాలోని మెలాకా సెంట్రల్ బస్టాండుకు సుమారు రెండు గంటలు పడుతుంది. విమానాశ్రయం నుంచి కూడా నేరుగా బస్సులున్నాయి. ఇంతకూ మీరు వెళ్లేది ఏ రోజు, వెంట ఎవరున్నారు?

జవాబు (మహబూబ్‌నగర్):
బస్సు ఏదైనా, కంపుంగ్ క్లింగ్ మసీదును మాత్రం వదలకండి. కంపుంగ్ అంటే మలయ్ భాషలో వాడ, క్లింగ్ అనే మాట కళింగ నుంచి వచ్చిందే. 15వ శతాబ్దంలో మలక్కా సుల్తానుల రేవుకు మన తూర్పు తీరం నుంచి బట్టలు తీసుకెళ్లిన వర్తకులను అక్కడివారు ఆ పేరుతోనే పిలిచేవారు కనుక, అది తెలుగువారి వాడ అనడంలో తప్పులేదు.

జవాబు (మిర్యాలగూడ):
ఆ మాట తమిళులకూ వర్తించింది. 1781 నాటి పొయ్యాత వినాయగర్ గుడి అదే వీధిలో ఉంది, అది తమిళ మూలాలున్న మలక్కా చెట్టి కుటుంబాలది. పైగా నేడు అక్కడ భారతీయులను క్లింగ్ అంటే తిట్టుగానే తీసుకుంటారు.

జవాబు (మహబూబ్‌నగర్):
పుట్టుకలో అది తిట్టు కాదన్నదే నా వాదన.

ప్రశ్న అడిగినవారు:
మా అమ్మ వెంట వస్తున్నారు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. మంగళవారం ఒక్క రాత్రే ఉంటాము. జాంకర్ వీధిలో రాత్రి సంత చూడాలని ఆమె ఎంతో ఆశపడుతున్నారు.

జవాబు (మిర్యాలగూడ):
ఈ సంగతి ముందే రాయవలసింది. ఆ సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే జరుగుతుంది. సెయింట్ పాల్ కొండకు మెట్లెక్కాలి కనుక, మీరు పైకి వెళ్లి వచ్చేదాకా అమ్మగారిని కింద పోర్టా డి శాంటియాగో ద్వారం దగ్గర కూర్చోబెట్టండి. 1511లో పట్టణాన్ని గెలిచిన పోర్చుగీసువారు కట్టిన కోటలో, బ్రిటిషువారు కూల్చగా నిలిచిన ద్వారం అదొక్కటే. అక్కడి నుంచి ఎర్రటి డచ్చి కట్టడాల కూడలి మీదుగా జాంకర్ వీధికి, పూలతో అలంకరించిన రిక్షాలో వెళ్లవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
హోటలువారు తేదీ మార్చరట. బస్సు టికెట్టు తీసుకున్నాను. ధన్యవాదాలు.

జవాబు (కోదాడ):
బస్సని నేను మొదటే చెప్పాను.