బిల్లు అడిగితే 18 శాతం, అడక్కపోతే వారంటీ లేదు: ఇప్పుడేం చేయాలి?

కృష్ణలంక:
తెలిసినవాళ్లు దారి చెప్పండి. 750 వాట్ల మిక్సీ, డబ్బా మీద ఎమ్మార్పీ 5,999. షాపులో 4,200కి ఇస్తామన్నారు. బిల్లు కావాలంటే 18 శాతం అదనమట, 4,956 అవుతుందట. వద్దంటే తెల్లకాగితం మీద 'ఎస్టిమేట్' అని రాసిచ్చారు. డబ్బు యూపీఐలో కట్టాం. పన్నెండో రోజున అల్లంవెల్లుల్లి నూరుతుంటే ఆగిపోయింది, కాలిన వాసన. షాపువాళ్లు సర్వీస్ సెంటర్‌కి పొమ్మంటారు, అక్కడ బిల్లేదీ అంటారు. షాపు గోడకి 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బోర్డు. ఇదొక్కటేనా? స్వీట్ల అట్టపెట్టె కూడా స్వీటు ధరకే, నీళ్ల సీసాకి కూలింగ్ చార్జి, రూపాయి చిల్లరకి చాక్లెట్టు. ఈ దేశంలో మామూలు మనిషి పప్పూఉప్పూ కొనుక్కోడానికి కూడా పోట్లాటే దిక్కా?

వైండింగ్ షాపు:
పోట్లాట సంగతి తర్వాత. ముందు మిక్సీ నిజంగా పోయిందో లేదో చూడండి. తిరగేస్తే అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది, అది ఓవర్‌లోడ్ స్విచ్. జార్‌లో ఎక్కువ వేసినా, నీళ్లు పోయకుండా ఆపకుండా తిప్పినా అది బయటికి తన్నుకొచ్చి కరెంటు ఆపేస్తుంది. ప్లగ్ తీసి ఓ పావుగంట చల్లారనిచ్చి, బటన్ లోపలికి నొక్కి, ఖాళీ జార్‌తో ఒకటో నంబరు మీద తిప్పండి. తిరిగితే అది లోపం కాదు, రక్షణ.

వాసనల్లో కూడా తేడా ఉంది. రబ్బరు కాలిన వాసన వచ్చి, మోటారు తిరుగుతూ బ్లేడు మాత్రం తిరక్కపోతే పోయింది కప్లర్, అంటే మోటారునీ జార్‌నీ కలిపే రబ్బరు ముక్క. చాలా వారంటీ కార్డుల్లో కప్లర్, జార్ రబ్బరు, బ్లేడ్లు వారంటీలోకి రావు, కార్డు వెనక చిన్నక్షరాలు చదవండి. వార్నిష్ కాలిన ఘాటు వాసన వచ్చి, మోటారు మూలిగి ఆగిపోతుంటేనే వైండింగ్, అంటే మోటారు లోపలి తీగచుట్ట, కాలినట్టు. అదైతే వారంటీ సరుకే.

ఒక్కటి మాత్రం చేయొద్దు. బయట మెకానిక్ దగ్గర అడుగు ప్లేటు విప్పించకండి. స్క్రూ మీద సీలు స్టిక్కరు చిరిగితే కంపెనీకి మంచి సాకు దొరుకుతుంది.

కృష్ణలంక:
బటన్ నొక్కి చూశామండీ. మూలుగుతోంది, తిరగడం లేదు. వాసన రబ్బరుది కాదు.

వైండింగ్ షాపు:
అయితే వైండింగే. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి జాబ్ షీట్, అంటే సరుకు తీసుకుని లోపం రాసిచ్చే కాగితం, తీసుకోండి. బిల్లు లేకపోతే వారంటీలో చేయరేమో గానీ, చూసి రాయడానికి ఒప్పుకుంటారు. జాబ్ షీట్‌లో మూడు ఉండాలి: మోడల్, సీరియల్ నంబరు, లోపం ఏమిటన్నది. 'పని చేయడం లేదు' అని రాస్తే చాలదు, 'మోటారు వైండింగ్ కాలింది' అని రాయించండి. రేపు ఎక్కడికెళ్లినా మీ చేతిలో మాట్లాడేది ఆ కాగితమే.

బిల్లుపుస్తకం, గుంటూరు:
ఆ 18 శాతం మాట మీద చాలామంది తప్పు లెక్క వేస్తారు, అందుకే కాస్త వివరంగా. ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర. కాబట్టి 5,999 మీద మళ్లీ పన్ను వేస్తే తప్పు. కానీ షాపువాడు 4,200 ప్లస్ పన్ను, మొత్తం 4,956 అంటే అది ఎమ్మార్పీ లోపలే ఉంది. ధరగా అది తప్పు కాదు. తప్పల్లా బిల్లు లేకుండా అమ్మడం. పన్నుతో కలిపి ఎంతో ముందే చెప్పకుండా, డబ్బులు తీసే వేళకి చెప్పడం కూడా.

ఆ షాపు అసలు పన్ను వసూలు చేయొచ్చో లేదో ఇలా తెలుసుకోండి. జీఎస్టీ నంబరు బోర్డు మీద కనబడేలా ఉండాలి, 15 అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రం కోడ్: మన ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పది పాన్ నంబరు. దాన్ని జీఎస్టీ సైట్‌లో 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' దగ్గర కొట్టండి, లాగిన్ అక్కర్లేదు. 'కంపోజిషన్' (కొద్దిపాటి పన్ను తమ జేబులోంచే కట్టే చిన్న వ్యాపారుల పథకం) అని వస్తే ఆ వ్యాపారి కొనేవాడి దగ్గర జీఎస్టీ పైసా కూడా తీసుకోకూడదు. వాళ్లిచ్చేది 'బిల్ ఆఫ్ సప్లై', అందులో పన్ను గడి ఉండదు. కంపోజిషన్ పెట్టుకుని పన్ను అడిగేవాళ్లూ ఉన్నారు, నంబరు చూస్తే దొరికిపోతారు. 'రెగ్యులర్' అని వస్తే ట్యాక్స్ ఇన్వాయిస్ ఇచ్చి తీరాలి. 200 రూపాయల లోపు అమ్మకాలకి మీరు అడగకపోతే ఇవ్వక్కర్లేదు, అడిగితే ఇవ్వాల్సిందే.

ఎస్టిమేట్ కాగితం పారేయకండి. అది బలహీనమైన సాక్ష్యం, అయినా సాక్ష్యమే. దాంతోపాటు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రోజు వరుస ప్రింట్ తీయండి, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు కనబడాలి. షాపు క్యూఆర్ కోడ్ కొన్నిచోట్ల యజమాని సొంత ఖాతాకి, లేదా ఇంట్లోవాళ్ల ఖాతాకి ఉంటుంది. పేరు షాపు పేరు కాకపోతే కంగారుపడొద్దు, కౌంటర్ మీద ఆ క్యూఆర్ బోర్డు ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి.

బేరగాడు:
ఇంత తతంగం 4,200కా అన్నా? ఆ షాపు గడప మళ్లీ తొక్కకుండా ఉంటే సరిపోదా.

నల్లకోటు:
సరిపోదు తమ్ముడూ. అందరూ అలా ఊరుకోబట్టే ఆ బోర్డు ఇంకా గోడకుంది. ఆ బోర్డుకి చట్టంలో విలువ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడమూ రెండూ దాని ప్రకారం అనుచిత వ్యాపారమే. లోపమున్న సరుకు అన్నాను, గమనించండి. రంగు నచ్చలేదనో, పక్క షాపులో వంద తక్కువనో వాపసు ఇస్తామంటే ఈ సెక్షన్ పనికిరాదు.

కృష్ణలంక గారూ, పన్నెండో రోజున ఆగింది కాబట్టి అప్పటికి మీకింకా 18 రోజులు. ఈలోపే రాతపూర్వకంగా అడగండి. ఒక పేజీ చాలు: కొన్న తేదీ, మోడల్, సీరియల్ నంబరు, కట్టిన సొమ్ము, యూపీఐ నంబరు, జాబ్ షీట్‌లో రాసిన లోపం, కొత్తది కావాలా డబ్బు వాపసా, 15 రోజుల గడువు. తిట్లు వద్దు, 'మానసిక క్షోభ' మీద పేరాలు వద్దు. ఒక కాపీ షాపుకి, ఒకటి తయారీ కంపెనీకి. రిజిస్టర్డ్ పోస్ట్ 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్ట్‌లోనే పంపండి. రసీదు దాచండి, ట్రాకింగ్ పేజీలో 'డెలివర్డ్' అని పడ్డాక దాన్నీ ప్రింట్ తీయండి.

ఆ పక్కనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, ఇస్తారు. ఇక్కడ ఒక భ్రమ తీసేయాలి. 1915 కోర్టు కాదు, మధ్యవర్తి మాత్రమే. పెద్ద కంపెనీలు దానికి జవాబిస్తాయి, వీధి చివరి షాపు ఇవ్వకపోవచ్చు. అందుకని ఫిర్యాదులో కంపెనీ పేరు తప్పకుండా పెట్టండి.

దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సరుకు విలువ 5 లక్షల వరకు ఫీజు సున్నా. లాయరు తప్పనిసరి కాదు, ఈ మాట లాయరునే చెబుతున్నాను. 'ఈ-జాగృతి' సైట్‌లో మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి, ఫిర్యాదు, తేదీల పట్టిక, నోటరీ చేయించిన అఫిడవిట్, కాగితాలు పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి. షాపుని ఒకటో ప్రతివాదిగా, కంపెనీని రెండో ప్రతివాదిగా పెట్టండి. ఒక్కరినే పెడితే రెండోవాళ్ల మీదికి తోసేసి తప్పుకుంటారు. గడువు రెండేళ్లు.

అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటితే తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. మూడు నెలల్లో తీర్పు, సరుకుని ల్యాబ్‌కి పంపాల్సొస్తే ఐదు నెలల్లో, అని చట్టం. అమలులో ఇంకా పడుతుంది, ఆ ఓపిక ఉంటేనే దిగండి.

ఒక సందేహం: మిక్సీ ఇంటికే కదా? హోటల్‌కో కర్రీ పాయింట్‌కో అయితే 'వ్యాపారం కోసం కొన్నారు' అని అడ్డు తగులుతారు. సొంత పొట్టకూటి కోసం మీరే నడుపుకునే చిన్న దుకాణమైతే మినహాయింపు ఉంది.

కృష్ణలంక:
ఇంటికేనండి. మరి ఆన్‌లైన్‌లో కొంటే ఈ గొడవ ఉండదంటారా?

బిల్లుపుస్తకం, గుంటూరు:
బిల్లు గొడవ ఉండదు, మిగతావి ఉంటాయి. డబ్బా తెరవకముందు నుంచి, అంటే లేబుల్ చూపించి టేపు కోసే దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీయండి. మధ్యలో కట్ అయితే ఒప్పుకోరు. కస్టమర్ కేర్ చాట్‌తో కాలయాపన వద్దు, సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు ఉంటుంది, ఆయనకి రాయండి. 48 గంటల్లో అందిందనాలి, నెలలో తేల్చాలి. డబ్బు కట్టే ముందు, మీరు పెట్టని టిక్కులేమైనా ఉన్నాయేమో చూసుకోండి. విరాళమో బీమానో వాళ్లే వేసి పెడతారు. అది 2023లో కేంద్రం నిషేధించిన 13 రకాల మాయల్లో ఒకటి.

తక్కెడ:
స్వీట్ల అట్టపెట్టె దగ్గరికి వస్తాను, అది నా రంగం. కిలో 800 స్వీటుకి 80 గ్రాముల పెట్టె కలిపి తూస్తే 64 రూపాయలు అట్టముక్కకి కట్టినట్టు. ఖాళీ పెట్టె కాటా మీద పెట్టి, టేర్ (పెట్టె బరువు తీసేసే బటన్) నొక్కి, డిస్‌ప్లే 0.000కి వచ్చాక స్వీటు వేయాలి. 'ముందు పెట్టె పెట్టి సున్నా చేయండి' అంటే చాలు, గొడవ అక్కర్లేదు. పండగ రద్దీలో మాత్రం పక్కన ముందే నింపి పెట్టిన పెట్టెలు అంటగడతారు. అవి తీసుకోకండి.

రైతు బజార్లో, కూరగాయల బండి దగ్గర కాటా మీద అనుమానం వస్తే చేతిలో లీటరు నీళ్ల సీసా ఉంటే చాలు. సీలు తీయనిది. లీటరు నీళ్లు కిలో, సీసా ఓ ఇరవై పాతిక గ్రాములు. కాటా 1.020 దగ్గర్లో చూపించాలి. ఐదు పది గ్రాముల తేడాకి దొంగ అనకండి, 30 కిలోల కాటా లెక్క 5 లేదా 10 గ్రాముల మెట్లుగానే కదులుతుంది. 1.100 చూపిస్తే మాత్రం ఆ కాటా మీకు కిలోకి డెబ్బై ఎనభై గ్రాములు తక్కువ ఇస్తోంది. ఇంకోటి, ఏమీ పెట్టకముందే డిస్‌ప్లే మీద సున్నా ఉందో లేదో చూడండి. తట్ట పెట్టి సున్నా చేయకుండా తూయడమే మామూలుగా జరిగే మోసం, కాటా లోపల చిప్పు మార్చడం అంతకంటే తక్కువ.

ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. సీసం ముద్రలో సంవత్సరంతోపాటు ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం ఉంటుంది. జనవరి నుంచి మార్చి ఏ, అలా మూడేసి నెలలు. గ్యాస్ బండ మీద అక్షరాలూ ఇదే లెక్క, కాకపోతే అక్కడ అది పరీక్ష గడువు. బండ తూకం కూడా అడగొచ్చు: మీద రాసిన ఖాళీ బరువుకి 14.2 కలపండి. 15.3 ఉంటే మొత్తం 29.5 రావాలి, 150 గ్రాముల వరకు తేడా అనుమతి. తూకం యంత్రం డెలివరీ అబ్బాయి దగ్గర ఉండాలి. పెట్రోలు బంకులో ఐదు లీటర్ల కొలపాత్ర అడగండి, 25 మిల్లీలీటర్లు దాటి తగ్గితే ఫిర్యాదు.

బేరగాడు:
కూలింగ్ చార్జి మీద ఎవరూ మాట్లాడలేదు. బస్టాండ్‌లో అయితే ఏకంగా బోర్డే.

తక్కెడ:
దుకాణంలో, స్టాల్‌లో ఎమ్మార్పీ మీద పైసా ఎక్కువ తీసుకున్నా తప్పే, చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా. కూర్చుని తినే హోటల్‌లో మాత్రం సీసా ధర ఎక్కువ వేయొచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది, సేవతో కలిపి అమ్ముతున్నారు కాబట్టి. అక్కడ వాదన పెట్టుకోకండి. రైల్వే స్టేషన్‌లో రైల్ నీర్ లీటరు 2025 సెప్టెంబరు 22 నుంచి 14 రూపాయలు. 15 ఇచ్చి 'చిల్లర లేదు' అనిపించుకోకుండా యూపీఐలో 14 కొట్టండి. ఒప్పుకోకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. చిల్లరకి బదులిచ్చే చాక్లెట్టుకీ యూపీఐయే మందు.

బేరగాడు:
సరే, ఒప్పుకున్నా. కానీ ఇవన్నీ బుర్రలో పెట్టుకుని బజారుకెళ్లాలంటే చదువుకున్నవాడికే కష్టం. మరి కూలి మనిషి సంగతేంటి?

నల్లకోటు:
అక్కడే ఉంది బాధ. 1986లో తొలి చట్టం వచ్చినప్పుడు, బెంగుళూరు కంపెనీ మీద కేసంటే అవతలివాళ్లు ఎక్కడున్నారో, గొడవ ఎక్కడ పుట్టిందో చూసుకుని అక్కడికి పోవాల్సొచ్చేది. ఇప్పుడు మీరుండే ఊళ్లోనే వేయొచ్చు, ఫోన్‌లో వేయొచ్చు, ఫీజు లేదు. ఇంతవరకు వచ్చాం. ఇక కావాల్సింది కొత్త సెక్షన్లు కాదు. ప్రతి కౌంటర్‌లోనూ కొనేవాడి వైపు తిరిగిన డిస్‌ప్లే, అడగకుండా చేతికొచ్చే బిల్లు. సూపర్ మార్కెట్లో ఈ రెండూ ఇప్పటికే ఉన్నాయి. విజయవాడ వన్ టౌన్‌లో, గుంటూరు పట్నం బజారులో కూడా అంతే మామూలు విషయం కావాలన్నదే నా ఆశ. అప్పుడు కూలి మనిషికి చట్టం తెలియక్కర్లేదు.

కృష్ణలంక:
మీరు చెప్పినట్టు కాగితం చూపించి అడిగితే, 756 ఇస్తే ఇవాళ బిల్లు కొట్టిస్తాం, వారంటీలో చేయించుకోండి అంటున్నారు. తీసుకోవచ్చా?

బిల్లుపుస్తకం, గుంటూరు:
మీ మిక్సీ మరమ్మతుతో సరిపెట్టుకుంటారా, కొత్తది కావాలా అన్నది ముందు తేల్చుకోండి. మరమ్మతు చాలనుకుంటే 756 కట్టి తీసుకోవచ్చు, ఎలాగూ మొదటే కట్టాల్సిన సొమ్ము. కానీ ఇవాళ్టి తేదీ వేస్తే, లోపం జాబ్ షీట్ బిల్లు కంటే ముందు తేదీతో ఉంటుంది, సర్వీస్ సెంటర్ తిప్పి పంపుతుంది. బిల్లులో కొన్న తేదీ, యూపీఐ నంబరు ఉండాలని పట్టుబట్టండి. అది వాళ్ల చేతిలో పని కాదని అంటే, 'ఫలానా తేదీన అమ్మిన సరుకు' అని బిల్లు మీద రాసి ముద్ర వేయమనండి.

వైండింగ్ షాపు:
సీరియల్ నంబరు కూడా. బిల్లు మీద అంకెలు మిక్సీ అడుగున స్టిక్కరుతో ఒక్కొక్కటీ సరిచూసుకున్నాకే 756 కొట్టండి. ఎనిమిది, మూడు తారుమారైతే అది వేరే మిక్సీ బిల్లవుతుంది.