కొండవాలు జీడి తోటకు రెనెగేడ్ 570 మంచిదా, స్క్రాంబ్లర్ 850 మంచిదా?

పర్లాకిమిడి తోట:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడికి ఎగువనున్న ఊరు. కొండవాలులో మాకు జీడి తోట ఉంది. తమ్ముడూ నేనూ పాత బండిదారిని, తోట గట్లను కలుపుకుంటూ మూడు వేసవులు కష్టపడి సుమారు 3 కిలోమీటర్ల దారి చేసుకున్నాం. పిక్కల బస్తాలు మోయడానికి ట్రాక్టరు ఉంది కాబట్టి, ఈ దారిలో సరదాగా నడుపుకోవడానికి మాత్రమే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న స్పోర్ట్ క్వాడ్ (లావు టైర్ల నాలుగు చక్రాల మీద, బైకులా హ్యాండిల్ పట్టి నడిపే బండి) ఒకటి కొనాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఇప్పుడు రెండు పాత బండ్లు అమ్మకానికి ఉన్నాయి. విశాఖపట్నంలో ఉన్నది క్యాన్-యామ్ రెనెగేడ్ 570, భువనేశ్వర్‌లో ఉన్నది పొలారిస్ స్క్రాంబ్లర్ 850. మొదటిది రోటాక్స్ వి-ట్విన్ (వి ఆకారంలో రెండు సిలిండర్లున్న) ఇంజన్‌తో 48 హార్స్‌పవర్ ఇస్తుంది, బరువు సుమారు 290 కిలోలు. రెండోది రెండు సిలిండర్ల ఇంజన్, శక్తి సుమారు 78 హార్స్‌పవర్, బరువు 330 కిలోల పైమాటే. అడుగుతున్న ధరల్లో పెద్ద తేడా లేదు కనుక, అదే డబ్బుకు పెద్ద ఇంజన్ వస్తుంటే చిన్నది ఎందుకని తమ్ముడు వాదిస్తున్నాడు.

నా భయం వేరు. దారిలో ఒకచోట గెడ్డలోకి (వాగులోకి) నిటారుగా దిగాలి. అక్కడ ఎర్రమన్ను మీద గులకరాళ్లు పరచినట్టు ఉంటాయి. నాన్నగారి రోజుల్లో ఆ చోట ఎడ్లబండిని ఊరికే వదిలేవారు కాదట, వెనుక ఇరుసుకు మోకు కట్టి ఇద్దరు మనుషులు బిగబట్టుకుంటూ దించేవారట. అద్దె క్వాడ్లను నాలుగైదుసార్లు నడిపిన అనుభవమే తప్ప నాకు ఇంకేమీ లేదు. వీలైతే అప్పుడప్పుడు గోపాల్‌పూర్ సముద్రతీరపు ఇసుకలో కూడా నడపాలని ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

బరంపురం మెకానిక్:

నమస్కారమండీ. నేను షార్జాలో క్వాడ్లు అద్దెకిచ్చే షెడ్డులో ఆరేళ్లు పనిచేసి వచ్చాను. ఈ రెండు కంపెనీల బండ్లూ నా చేతిమీదుగా చాలా వెళ్లాయి. మీ నాన్నగారు చెప్పిన మోకులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది.

పొలారిస్‌లో ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాల డ్రైవ్) మీట వేసి ఉంచినా మామూలుగా బండిని నెట్టేవి వెనుక చక్రాలే. అవి పట్టు తప్పి ముందు చక్రాల కంటే వేగంగా తిరగడం మొదలుపెట్టిన క్షణంలో, ముందు గేరుపెట్టెలోని రోలర్ క్లచ్ అందుకుని ముందు చక్రాలు రెండింటినీ కలిపి లాగుతుంది. మిట్ట ఎక్కేటప్పుడు, బురదలో కూరుకున్నప్పుడు ఇంతకంటే తేలికైన ఏర్పాటు నేను చూడలేదు, ఎందుకంటే నడిపేవాడు ఏమీ ఆలోచించనక్కరలేదు. కానీ యాక్సిలరేటర్ వదిలి వాలు దిగేటప్పుడు ఇంజన్ బిగింపు, అంటే ఇంజన్ చక్రాలను బిగబట్టి వేగం తగ్గించడం, వెనుక చక్రాలకే అందుతుంది, ముందువి వాటి దారిన అవి దొర్లుతాయి. వాలులో బరువంతా ముందుకు వాలి వెనుక చక్రాలు తేలికవుతాయి కాబట్టి, గులకరాళ్ల మీద అవి జారితే బండి అడ్డం తిరుగుతుంది. దిగేటప్పుడు ముందు చక్రాలకూ ఇంజన్ బిగింపు అందించే అదనపు ఏర్పాటును పొలారిస్ కొన్ని నమూనాలకే ఇచ్చింది.

రెనెగేడ్‌లో ఫోర్ వీల్ మీట వేస్తే ముందు చక్రాలకు పోయే షాఫ్టు గట్టిగా కలిసిపోతుంది. ఇక ఎక్కినా దిగినా ఇంజన్‌కూ నాలుగు చక్రాలకూ మధ్య లంకె తెగదు. లో గేరులో వేసి యాక్సిలరేటర్ మీది బొటనవేలు తీసేస్తే నాలుగు చక్రాలూ బిగబట్టినట్టు దిగుతాయి, అదే మీ మోకు. ముందు చక్రాలలో ఒకటి గాలిలోకి లేస్తే లేదా జారితే, ముందు చక్రాలు రెండింటికీ శక్తి పంచే విస్కో-లాక్ అనే డిఫరెన్షియల్‌లోని చిక్కటి ద్రవం ఒత్తిడి పెంచుకుని రెండో చక్రాన్ని కూడా పట్టుకుంటుంది. అయితే దానికి ముందు చక్రం కొంచెం వృథాగా తిరగాలి. రాయి మీద ఎక్కుతున్నప్పుడు ఆ చిన్న ఆలస్యం మీకు తెలుస్తుంది, అప్పుడు కంగారుపడి యాక్సిలరేటర్ నొక్కేయకండి.

మీరు చెప్పిన గెడ్డ దిగుడు ఒక్కటి చాలు, నేను రెనెగేడ్ వైపే మొగ్గుతాను.

గోపాల్‌పూర్ ఇసుక సంగతి మాత్రం మరచిపోండని చేతులు జోడించి అడుగుతున్నాను. ఇదే గంజాం తీరంలో రుషికుల్య ముఖద్వారం దగ్గరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తాయి. 300 కిలోల బండి వెళ్లిన ఇసుక కింద ఏముందో పైనుంచి కనిపించదు.

రాయగడ సవారీ:

నాకు స్క్రాంబ్లర్ 850 ఉంది, నాలుగేళ్లుగా మా పొలాల్లో నడుపుతున్నాను. మెకానిక్ గారు దిగుడు గురించి చెప్పింది నిజమే. నేను కూడా వాలులో లో గేరు వేసి, బ్రేకును ఒక్కసారిగా కాకుండా నొక్కుతూ వదులుతూ, సీటు మీద వెనక్కి జరిగి కూర్చుని దిగుతాను. అలవాటైతే కష్టం కాదు, కానీ కొత్తవారికి ఆ అలవాటు ఆ వాలులోనే కావాలని నేను అనను.

స్క్రాంబ్లర్‌కు న్యాయంగా చెప్పవలసిన మంచిమాట ఏమిటంటే, దాని వెనుక సస్పెన్షన్ 10 అంగుళాలకు పైగా కదులుతుంది, అందువల్ల దుక్కి మీద అడ్డంగా వెళ్లినా నడుముకు దెబ్బ తెలియదు. శక్తి విషయంలో మాత్రం మీ తమ్ముడితో నేను ఏకీభవించలేను. చెట్ల మధ్య మలుపులున్న 3 కిలోమీటర్ల దారిలో 78 హార్స్‌పవర్‌లో సగం కూడా వాడే చోటు దొరకదు, బొటనవేలు కొంచెం ఎక్కువ కదిలితే చాలు బండి చెట్టు మీదికి ఉరుకుతుంది. మీకు అనుభవం తక్కువ అంటున్నారు కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. రెండూ ఒక్కరు కూర్చునే బండ్లే, వెనుక పిల్లలను ఎక్కించుకోవద్దు, పదహారేళ్లు నిండనివారికి తాళం ఇవ్వవద్దు.

నాకు జరిగింది ఒకటి చెబుతాను. కొన్న మొదటి నెలలో పంక్చర్ వేయించుకుని, గాలి కూడా అక్కడే పట్టించాను. అతను పాపం కారుకు పట్టినట్టు 30 పీఎస్‌ఐ పట్టేశాడు. ఈ టైర్లకు కావలసింది 5 నుంచి 7 పీఎస్‌ఐ మాత్రమే. గట్టు ఎక్కగానే బండి రబ్బరు బంతిలా ఎగిరి నన్ను పక్కన పడేసింది, హెల్మెట్ ఉండబట్టి మోచేయి చీరుకుపోవడంతో సరిపోయింది. అంత తక్కువ ఒత్తిడిని మామూలు గేజి సరిగా చూపదు, చిన్న అంకెల గేజి ఒకటి కొని సీటు కింద పెట్టుకోండి.

ఇంకొకటి, మన రోడ్ల మీద నడపడానికి ఈ రెండు బండ్లలో దేనికీ రిజిస్ట్రేషన్ రాదు. పొలారిస్ 2019లో స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టరుగా రిజిస్టర్ అయ్యేలా మన దేశంలో తెచ్చింది కానీ, అది వేరే బండి, పనికోసం చేసిన బండి. మీరు కొనేదాన్ని పికప్ మీద ఎక్కించుకుని తోటకు తెచ్చుకోవాలి, తోట హద్దు దాటి అడవి భూమిలోకి పోకూడదు.

బరంపురం మెకానిక్:

రాయగడ వారు గాలి గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పాత బండి అంటున్నారు కాబట్టి కంపెనీ కంటే కూడా ముందు చూడవలసినది ఒకటుంది. ఎయిర్ ఫిల్టర్ తీయించండి. ఫిల్టర్ కొత్తగా మెరుస్తుంటే సంతోషించకండి, అమ్మేముందు రోజు మార్చి ఉండవచ్చు. ఫిల్టర్ వెనుక నుంచి ఇంజన్‌లోకి పోయే గొట్టంలో తెల్ల గుడ్డ చుట్టిన వేలు పెట్టి తుడవండి. గుడ్డకు ఎర్రటి పొడి అంటిందంటే ఆ మన్ను సిలిండర్‌లోకి కూడా పోయినట్టే, పిస్టన్ రింగులు అరిగిపోయి ఉంటాయి. మన వైపు ఎర్రమన్ను పిండిలా మెత్తగా ఉంటుంది, షార్జా ఇసుక కంటే ఇదే ఎక్కువ ఇంజన్లను తినేయగలదు.

తరువాత బండి ముందు భాగం జాకీతో లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి, లొడలొడమంటే చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్లు పోయినట్టు. డిఫరెన్షియల్ ఆయిలు పాలలా తెల్లగా వస్తే నీళ్లు చేరాయి. యాక్సిల్ కీళ్లను కప్పే రబ్బరు బూట్లు చీలి ఉంటే అది ఖర్చే కానీ ప్రమాదం కాదు, ధరలో తగ్గించుకోవచ్చు. రెండు బండ్లకూ బెల్టుతో నడిచే గేరు కాబట్టి, నెమ్మదిగా ఎక్కేచోట హై గేరులో ఏడిపిస్తే బెల్టు కాలిపోతుంది, అలాంటి చోట్ల లో గేరే వాడాలి. గెడ్డ నీళ్లలో బెల్టు తడిసి జారితే, న్యూట్రల్‌లో పెట్టి కొంతసేపు ఇంజన్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంచండి, ఆరిపోతుంది.

పర్లాకిమిడి తోట:

మీ ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఈ వారంలో రెండూ చూసి వచ్చాను. భువనేశ్వర్ బండికి ఫిల్టర్ సరికొత్తది ఉంది, గొట్టంలో వేలు పెట్టి తీస్తే గుడ్డ కుంకుమ అద్దినట్టు వచ్చింది. అమ్మే ఆయన అది మామూలేనని అన్నారు, నేను దండం పెట్టి వచ్చేశాను. విశాఖ రెనెగేడ్‌కు గుడ్డ తెల్లగానే వచ్చింది కానీ, కుడివైపు ముందు యాక్సిల్ బూటు చీలి గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంది. బూటు మార్చి ఇస్తేనే డబ్బు ఇస్తానని చెప్పి బయానా మాత్రం ఇచ్చాను.

తమ్ముడు ఇంకా కొంచెం అలిగే ఉన్నాడు. నాన్నగారికి నాలుగు చక్రాల బిగింపు సంగతి చెబితే, బండి వచ్చిన రోజు గెడ్డ దగ్గరికి తానూ వస్తానన్నారు. మొదటిసారి దించేటప్పుడు వెనుక మోకు కట్టమంటున్నారు. కట్టవచ్చా, కడితే ఎక్కడ కట్టాలో చెప్పగలరా?

బరంపురం మెకానిక్:

వద్దండీ. జారితే మోకు చక్రానికి చుట్టుకుంటుంది, పట్టుకున్న మనుషులు వాలులో బండి వెంట ఈడ్చుకుపోతారు. నాన్నగారిని గెడ్డకు ఇవతలి ఒడ్డున, దారికి పక్కగా నిలబడమనండి. పైనే ఆగి ఫోర్ వీల్ మీట, లో గేరు వేసుకుని, హ్యాండిల్ తిన్నగా పట్టి దిగండి. బూటు మార్చాక పాత బెల్టు వెడల్పు కొలిచి ఇక్కడ రాయండి, మార్చాలో అక్కరలేదో చెబుతాను.