కల్చరల్ ట్రైనింగ్ ఎప్పుడూ మన వైపే ఎందుకు? అసలు దానివల్ల లాభముందా?

ఆఫ్‌షోర్_లీడ్ (హైదరాబాద్)
మా టీమ్‌కి ఈమధ్య ఒక జర్మన్ క్లయింట్ వచ్చాడు. ఇంకా కోడ్ ముట్టుకోలేదు, హెచ్‌ఆర్ వాళ్ళు అందరినీ కల్చరల్ ట్రైనింగ్‌లో కూర్చోబెట్టారు. జర్మన్లు టైమంటే టైమే, తప్పుంటే ముఖం మీదే చెప్తారు. అమెరికన్లు ముందు పొగిడి, తర్వాత అసలు విషయానికొస్తారు. జపాన్ వాళ్ళిచ్చే విజిటింగ్ కార్డు రెండు చేతులా అందుకోవాలి. ఇదీ వరస. "మన గురించి వాళ్ళకి కూడా ఇలా చెప్తున్నారా?" అని అడిగా. లేదట. వాళ్ళకి అవసరం లేదట.

ఈ ట్రైనింగ్‌ల వల్ల వ్యాపారానికి నిజంగా లాభం ఉందా? ఉంటే పని చేసేవాడికి మాత్రమే ఎందుకు, పని ఇచ్చేవాడికి ఎందుకు ఉండదు?

శిక్షణ_అక్క
నేను ఈ ట్రైనింగ్‌లే ఇస్తుంటాను, కాబట్టి నా మాటని ఆ లెక్కలోనే తీసుకోండి. అమెరికా సూపర్‌మార్కెట్ కంపెనీ వాల్‌మార్ట్ జర్మనీ కథ చూడండి. 1997లో వెర్ట్‌కౌఫ్ అనే అక్కడి షాపుల చైన్‌ని కొని అడుగుపెట్టారు, మరుసటేడు ఇంటర్‌స్పార్ షాపులు 74 కొన్నారు. మొదట పంపిన బాస్‌కి జర్మన్ రాదు. మేనేజర్లంతా ఇంగ్లిష్‌లోనే పని నడపాలన్నారు. కౌంటర్లో ఉన్నవాళ్ళు వచ్చిన ప్రతివాళ్ళనీ చూసి నవ్వాలన్నారు, అది అక్కడి జనానికి ఎబ్బెట్టుగా తోచింది. 2005లో అమెరికా ఎథిక్స్ రూల్స్‌ని తెచ్చి పంచారు, ఉద్యోగుల ప్రేమ వ్యవహారాల మీద ఆంక్షలతో సహా. ఉద్యోగుల మండలి కోర్టుకెళ్ళింది, డ్యూసెల్‌డార్ఫ్ కోర్టు ఆ రూల్‌ని కొట్టేసింది. 2006లో మిగిలిన 85 షాపులూ మెట్రో అనే జర్మన్ కంపెనీకి అమ్మేసి వెళ్ళిపోయారు. నష్టం సుమారు 100 కోట్ల డాలర్లు.

ఇక్కడ ట్రైనింగ్ కావాల్సింది డబ్బున్నవాడికే. కాబట్టి మీ రెండో ప్రశ్న న్యాయమైనదే. కానీ క్లయింట్ వైపు దీనికి బడ్జెట్ పెట్టరండి. నేను అడిగి చూసే చెప్తున్నా.

లెక్కల_మాస్టారు
అక్కగారూ, నవ్వినందుకు వంద కోట్ల డాలర్లు పోవు. ఆల్డి, లిడ్ల్ అనే చవక ధరల షాపులు అక్కడ అప్పటికే పాతుకుపోయి ఉన్నాయి. వాల్‌మార్ట్ బలమంతా తక్కువ ధర. తక్కువ ధరకి జనం వెళ్ళే చోటు అక్కడ ముందే ఉంది. 2000లో పాలు, పిండి లాంటివి కొన్నధర కంటే తక్కువకి అమ్ముతున్నారని జర్మన్ పోటీ నియంత్రణ సంస్థ వాల్‌మార్ట్‌తో పాటు ఆ రెండింటినీ ధరలు పెంచమంది కూడా. షాపు ఎన్నింటిదాకా తెరవాలన్నది చట్టం. మీరన్న ఆ ఎథిక్స్ లాంటి రూల్స్ పెట్టేముందు ఉద్యోగుల మండలిని అడగాలన్నదీ చట్టమే. దానికి లాయరు కావాలి, ట్రైనర్ కాదు.

ఇంకోటి. 1998లో జర్మన్ కార్ల కంపెనీ డైమ్లర్, అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్ కలిశాయి, దాదాపు 3,600 కోట్ల డాలర్ల వ్యవహారం. ఇద్దరం సమానం అని ఊరంతా చాటారు. రెండేళ్ళకి డైమ్లర్ పెద్ద యూర్గన్ ష్రెంప్ స్వయంగా ఒక పత్రికతో అన్నాడు, క్రైస్లర్‌ని తన కింద ఒక విభాగం చేసుకోవాలన్నదే మొదటినుంచీ ఉద్దేశమని. 2007లో క్రైస్లర్‌లో 80 శాతం వాటా సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థకి వదిలించుకున్నారు. పైన కూర్చున్నవాడి మాటే నిజం కానప్పుడు, కిందవాళ్ళు ఒకరి భోజన మర్యాదలు ఒకరు నేర్చుకుని ఏం చేస్తారు?

పెనుకొండ_షాప్‌ఫ్లోర్
మీరంతా ఐటీ, అమెరికా అంటున్నారు, మా వైపు కూడా చూడండన్నా. 2017లో కొరియా కార్ల కంపెనీ కియాతో ఒప్పందం, 2019కి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్లు బయటికొచ్చాయి. దాని వెనకే విడిభాగాల కంపెనీలు దిగాయి. అట్లాంటి ఒకదాంట్లో (పేరొద్దు) పని చేశా. లైన్ ఆగితే కొరియా సూపర్‌వైజర్ అందరి ముందూ అరిచేవాడు. డిప్లొమా చదివొచ్చిన పిల్లలు మర్నాడు వచ్చేవాళ్ళు కాదు, మానేస్తున్నామని ఫోన్ కూడా చెయ్యరు. ఆయనకి ఇది అంతుపట్టేది కాదు. నేను అరిచింది పని మీద కదా, పిల్లోడి మీద కాదు కదా అని ఆయన లెక్క. మావాళ్ళ లెక్క వేరు. అదే లైన్లో పక్క ఊరోడు, మేనమామ కొడుకు ఉంటారు, సాయంత్రానికి ఇంటికి తెలిసిపోతుంది.

మాకు ట్రైనింగ్ ఇచ్చారు. వంగి నమస్కారం పెట్టడం, కొరియన్‌లో నాలుగు మాటలు. ఆయనకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరికి చక్కబెట్టింది ఇంటర్‌ప్రెటర్ అమ్మాయి. తిట్టంతా మింగేసి, ఏ బోల్ట్ ఎందుకు వదులైందో అంతవరకే మాకు చెప్పేది. కొన్నాళ్ళకి ఆయన్నే పక్కకి పిలిచి "ఆఫీసులో ఎంతైనా తిట్టండి సార్, లైన్ మీద వద్దు" అని చెప్పేసింది. ఆయన విన్నాడు, చెడ్డోడేం కాదు. మానేసేవాళ్ళు తగ్గారు. ఆ అమ్మాయికి ఇంక్రిమెంట్ మాత్రం రాలేదు, అది వేరే కథ.

బిట్టు_99
మా సెషన్‌లో "ఇండియన్స్" అని ఒకటే స్లైడ్. నేనూ, బెంగాలీ కొలీగూ, మిజోరం నుంచి వచ్చిన అమ్మాయీ ముగ్గురం అందులో ఎవరమున్నామా అని వెతుక్కున్నాం 😀

లైబ్రరీ_బెంచీ
బిట్టూ, ఆ స్లైడ్ల వెనక ఎక్కువగా ఉండేది హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడి లెక్కలు. 1967 నుంచి 1973 దాకా ఐబీఎమ్ ఉద్యోగులు నింపిన లక్షకు పైగా ప్రశ్నపత్రాల నుంచి తీసి, 1980లో పుస్తకం వేశాడు. పెద్దవాళ్ళ మాటకి తలొగ్గే విషయంలో ఇండియాకి వచ్చిన మార్కు 77. అప్పట్లో ఇక్కడ ఐబీఎమ్‌లో చేరగలిగినవాళ్ళు ఎలాంటివాళ్ళో ఊహించుకోండి. 1978కల్లా ఆ కంపెనీయే దేశం వదిలి వెళ్ళింది. ఒక కంపెనీ ఉద్యోగుల జవాబులు దేశం మొత్తానికి ఎలా వర్తిస్తాయని మెక్‌స్వీనీ అనే ఇంకో పరిశోధకుడు 2002లో గట్టిగానే నిలదీశాడు. ట్రైనింగుల్లో ఆ ముక్క చెప్పగా నేను వినలేదు.

రన్‌వే_27
1997లో గువామ్‌లో కొరియన్ ఎయిర్ విమానం కూలి 228 మంది పోయారు. కెప్టెన్ తప్పుతుంటే పక్కనున్నవాళ్ళు గట్టిగా చెప్పలేదు, అది కొరియా సంస్కృతి అని చాలామంది తేల్చేశారు. సరే. 1977లో టెనెరిఫ్‌లో 583 మంది పోయారు కదా, అక్కడ రన్‌వే మీద ఇంకో విమానాన్ని గుద్దిన కెఎల్‌ఎమ్ (డచ్ ఎయిర్‌లైన్) విమానం కెప్టెన్ డచ్. ఎదుటి విమానం రన్‌వే మీంచి తప్పుకుందా లేదా అని ఫ్లైట్ ఇంజినీర్ అడిగితే కొట్టిపారేశాడు. స్లైడ్ల ప్రకారం డచ్ వాళ్ళు ముఖం మీదే చెప్పే జాతి! అయినా ఆ తర్వాత ఆ ఇంజినీర్ మళ్ళీ అడగలేదు.

ఏవియేషన్ వాళ్ళు దీన్ని దేశాల గొడవ చెయ్యలేదు, కాక్‌పిట్ గొడవగా చూశారు. కెప్టెన్‌నీ జూనియర్‌నీ కలిపి కూర్చోబెట్టి, చిన్నవాడు ఎలా అడ్డుచెప్పాలో, పెద్దవాడు ఎలా వినాలో నేర్పడం 1981లో అమెరికా ఎయిర్‌లైన్ యునైటెడ్ మొదలుపెట్టింది. ఇప్పటికీ సిమ్యులేటర్‌లో మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. కొరియన్ ఎయిర్ 2000లో ఇంకో అమెరికా ఎయిర్‌లైన్ డెల్టా నుంచి డేవిడ్ గ్రీన్‌బర్గ్‌ని తెచ్చుకుని ఫ్లయిట్ విభాగం అప్పగించింది. 1999 తర్వాత ఆ సంస్థలో ప్రాణాలు పోయిన ప్రమాదం లేదు.

లెక్కల_మాస్టారు
అది కల్చర్ ట్రైనింగ్ కాదండీ, పనిలో ట్రైనింగ్. నేను మొత్తుకునేదీ అదే.

శిక్షణ_అక్క
పేరేదైతేనేం మాస్టారూ. కానీ విజిటింగ్ కార్డు లాంటి చిన్న విషయాలని మరీ తీసిపారెయ్యకండి. మొదటిసారి ఊరు దాటి ఒసాకా వెళ్ళే ఇరవై రెండేళ్ళ పిల్లకి మొదటి వారం టెన్షన్ సగం తగ్గుతుంది. దానికి కూడా విలువుంది.

ఆఫ్‌షోర్_లీడ్ (హైదరాబాద్)
అందరికీ థాంక్స్. రన్‌వే గారు చెప్పింది నాకు బాగా తగిలింది. "చెప్పిన డేట్‌కి పని కుదరదని ఇండియన్లు చెప్పరు" అని మా ట్రైనింగ్‌లోనూ ఉంది. మా టీమ్‌లో చెప్పకపోవడానికి కారణం నాకు తెలుసు. కుదరదంటే ఎస్కలేషన్ (పైవాళ్ళకి ఫిర్యాదు), ఎస్కలేషన్ అంటే అప్రైజల్‌లో (పనికి మార్కులెయ్యడంలో) రేటింగ్ పోవడం. ఇది సంస్కృతి కాదు, అప్రైజల్. అదే పిల్లలు ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నతో కుదరదని బ్రహ్మాండంగా చెప్తారు.

అందుకని రెండు అడిగా. రెండు వైపులా టీమ్‌లు కలిసి ఒక గంట కూర్చోవాలి, డేట్ కుదరదని ఎవరు, ఎవరికి, ఎప్పటిలోగా చెప్పాలో రాసుకోవాలి. చెప్పినందుకు రేటింగ్ తగ్గదని పైనుంచి ఒక మెయిల్ రావాలి. మొదటిదానికి జర్మన్ మేనేజర్ అదే రోజు సరేనన్నాడు. రెండోదానికి మా డెలివరీ హెడ్ ఇంకా జవాబివ్వలేదు.

లెక్కల_మాస్టారు
ఆ మెయిల్ వస్తే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. రాకపోయినా చెప్పండి.